కనిపించని చివరి గడి

గెమ్మెలి సరళ పుట్టింది సీలేరు మీది కొండల్లో, పదహారు ఇళ్ల ఊళ్లో. తండ్రి ధనుంజయ్‌కి కాస్త కాఫీ తోట, కొండవాలున సోళ్లు, సామలు ఉండేవి. తల్లి సోములమ్మకు అక్షరం ముక్క రాదు. కానీ ఆవిడ ఎర్రమట్టితో గోడ అలికి, కింద తెల్ల గీత గీసిందంటే తాడు పట్టి గీసినట్టుండేది. గీత కొంచెం వంకర పోయినా చెరిపేసి మళ్లీ గీసేది. ఆ పట్టింపు కూతురికీ వచ్చింది.

ఆశ్రమ పాఠశాలలో పది, చింతపల్లిలో ఇంటర్ చదివి, సరళ నర్సీపట్నంలో కంప్యూటర్ కోర్సులో చేరింది. ఒకరోజు మాస్టారు ఏదో వెబ్ పేజీ తెరిచి, దాని వెనక ఉండే రాత చూపించారు. ఇక్కడ ఒక మాట మారిస్తే అక్కడ రంగు మారుతుంది, ఇక్కడ అంకె మారిస్తే అక్కడ గీత జరుగుతుంది. మిగతావాళ్లు ఆవలిస్తూ కూర్చుంటే సరళ మాత్రం ఆ సాయంత్రం హాస్టల్‌కి వెళ్లి నోటుపుస్తకంలో గడులు గీసుకుంటూ కూర్చుంది.

2005లో ఆమెకు డొంకరాయి ప్రాజెక్టు కాలనీలో ఉద్యోగం దొరికింది. సెలయేరు సంఘం అనే స్వచ్ఛంద సంస్థ నది పొడవునా ఆరు ఊళ్లలో ఒక్కో గదిలో ఒక్కో కంప్యూటరు పెట్టి, ఇంటి కప్పు మీద డిష్ బిగించి ఇంటర్నెట్ ఇచ్చింది. ఆ ఆరు కేంద్రాలూ చూసే పేజీ తయారుచేయడమే సరళ పని. డ్యామ్ నుంచి నీళ్లు వదిలే వేళలు ప్రాజెక్టు ఆఫీసువాళ్లు పొద్దున్నే కాగితం మీద రాసి పంపిస్తారు. సరళ వాటిని పేజీలో ఎక్కిస్తుంది. కింది ఊళ్ల కేంద్రాల్లో ఉండేవాళ్లు చూసి బయట నల్లబోర్డు మీద సుద్దముక్కతో రాస్తారు. పాత కంప్యూటర్లలో తెలుగు అక్షరాలు ఖాళీ డబ్బాల్లా కనిపించేవి. అందుకని తెలుగు మాటలనే ఇంగ్లిషు అక్షరాల్లో రాసేవారు. వేసవిలో నది ఎండి రాళ్లు తేలినప్పుడు జనం నదిలోంచే నడిచి అవతలి గట్టుకు పోతారు. నీళ్లు ఎప్పుడొస్తాయో తెలియడం వాళ్లకు ప్రాణంతో సమానం.

2007 మార్చి మొదట్లో సరళ ఆ పేజీని కొత్తగా కట్టింది. పాతది ఆమెకు ఎప్పుడూ నచ్చలేదు. గడులు ఎగుడుదిగుడుగా ఉండేవి. ఈసారి ఆరు నిలువు గడులు, అన్నీ కొలిచినట్టు సమానం. చిట్టచివరి గడిలో ‘నీళ్లు వదిలే వేళ’. తెర అడుగున అడ్డంగా జరిపే పట్టీ ఒకటి అప్పుడప్పుడు కనిపించి చికాకు పెడుతుంటే, అది రాకుండా ఒక్క మాట రాసి దాన్ని తీసేసింది. కొత్త పదిహేడంగుళాల మానిటర్ మీద పేజీ చూసుకుని చాలాసేపు మురిసిపోయింది.

పన్నెండో రోజు పొద్దున్న ఆఫీసు నుంచి వచ్చిన కాగితం మామూలుది కాదు. అంతవరకూ ఆ నెలలో కొద్దిపాటి నీళ్లే, అదీ రాత్రిపూట వదిలారు. గేటు మరమ్మతు కోసం మధ్యాహ్నం పన్నెండు గంటలకు ఎక్కువ నీళ్లు వదులుతారు. రెండు గంటలపాటు వదులుతారు. సరళ ఎనిమిదింటికల్లా ఆ సంగతి చివరి గడిలో ఎర్రరంగులో రాసి సర్వరుకి ఎక్కించింది. రోడ్డు వెడల్పు పనిలో కేబుల్ తెగి నాలుగు రోజులుగా ఫోన్లు లేవు. సెల్‌ఫోన్ సిగ్నల్ ఆ కొండల్లోకి ఇంకా రాలేదు. కింది ఊళ్లకు కబురు చేరాలంటే ఆ పేజీ ఒక్కటే దారి. చేరిందనుకుని ఆమె వేరే పనిలో పడింది.

పదకొండు దాటుతుండగా మానిటర్‌లో చిటుక్కుమని చప్పుడై, తెర నల్లబడింది.

కంప్యూటర్లు బాగుచేసే అనిల్ ఆ రోజు కేంద్రంలోనే ఉన్నాడు. నర్సీపట్నం కుర్రాడు. ఆరు కేంద్రాలూ తిరిగి చూసుకునేది అతనే. వెనక గదిలోంచి దుమ్ము పట్టిన పద్నాలుగంగుళాల మానిటర్ తెచ్చి తగిలించాడు.

“దీంతో సర్దుకోండి సరళ గారూ. కింద కేంద్రాల్లో అందరికీ ఇలాంటివే కదా.”

సరళ తన పేజీ తెరిచింది. ఒక గడి, రెండో గడి, మూడు, నాలుగు, ఐదు. ఐదో గడి తెర అంచుకు తగిలి ఆగిపోయింది.

“అనిల్ గారూ, ఆరోది ఏది?”

“ఏ ఆరోది?”

“నీళ్లు వదిలే టైము. చివరి గడి. కనపడతన్నాదా మీకు?”

అతను వంగి చూశాడు. “లేదే. పక్కకి జరిపి చూడండి.”

పక్కకి జరపడానికి పట్టీ లేదు. దాన్ని తీసేసింది తనే. తన పెద్ద తెరకు సరిపడా వెడల్పు లెక్కగట్టి పేజీని కట్టింది. చిన్న తెరలో పట్టనిదంతా కత్తిరించినట్టు పోయింది. అక్కడ ఇంకో గడి ఉందన్న ఆనవాలు కూడా లేదు. చూసేవాళ్లకు పేజీ నిండుగా, చక్కగా కనిపిస్తుంది.

“పన్నెండు రోజులు,” అంది. “పన్నెండు రోజుల్నించి వాళ్లకి టైము కనపడలేదు.”

“గుమ్మలపాడు కేంద్రం చూసుకునే రత్నాలక్క ఏమీ అనలేదే,” అన్నాడు అనిల్. అని, ఆగిపోయాడు. “ఇప్పుడు ఇప్పపువ్వు రోజులు కదండీ.”

ఇద్దరికీ ఒకటే గుర్తొచ్చింది. గుమ్మలపాడు డ్యామ్‌కి దిగువన, నీళ్లు చేరడానికి రెండు గంటలు పట్టే దూరంలో ఉంది. ఇప్పచెట్లన్నీ అవతలి గట్టు మీద. తెల్లారకముందే ఊళ్లో ఆడవాళ్లు, పిల్లలు నది దాటి వెళ్లి పువ్వు ఏరుకుంటారు. గంపలు నిండాక మధ్యాహ్నం రెండు ప్రాంతంలో మళ్లీ ఆ రాళ్ల మీదుగానే తిరిగి వస్తారు. పన్నెండుకు వదిలిన నీళ్లు సరిగ్గా రెండింటికి అక్కడికి చేరతాయి.

గోడ గడియారం పదకొండు పది చూపిస్తోంది.

సరళ కూర్చుని వెడల్పు అంకెలు మార్చింది. తెర ఎంతుంటే గడులు అంతలోనే సర్దుకునేలా రాసింది. నీలం ‘ఇ’ బొమ్మ బ్రౌజరులో తెరిచి చూసింది. ఆరు గడులూ కనిపించాయి. చివరి గడి సన్నబడి, అందులో రాత కిందికి సాగింది. అయినా చదవడానికి వీలుగానే ఉంది. ఎక్కించబోతుంటే అనిల్ ఆమె చేతిని ఆపాడు.

“ఒక్క నిమిషం. గుమ్మలపాడులో ఆ బ్రౌజరు లేదండీ. వైరస్ పట్టిందని పోయిన నెల నేనే నక్క బొమ్మ బ్రౌజరు పెట్టి వచ్చాను. దాంట్లో చూడండి.”

నక్క బొమ్మ బ్రౌజరులో తెరిచేసరికి పేజీ వేరేలా వచ్చింది. గడులకు ఆమె ఒక ఎత్తు రాసి పెట్టింది. మొదటి బ్రౌజరు రాతకు తగ్గట్టు గడిని సాగదీసి చూపించింది. ఇది మాత్రం రాసిన ఎత్తుకే కట్టుబడింది. పట్టని మాటలు కింది వరుస మీద పడి, అక్షరం మీద అక్షరం ఎక్కి, అంతా గజిబిజి. పన్నెండో రెండో తెలియడం లేదు.

“ఎత్తు తీసీస్తాను,” అంటూ మొదలుపెట్టింది. ఎత్తు తీస్తే పైన ఉన్న బొమ్మ కిందికి జారింది. బొమ్మ సరిచేస్తే గడులు విడిపోయాయి. ఒకచోట నొక్కితే ఇంకోచోట ఉబ్బుతోంది. చెమట కళ్లల్లోకి కారుతోంది. పదకొండు ముప్పై.

“వాళ్ల తెరలో ఇంకోలా వస్తే?” అన్నాడు అనిల్. “అక్షరాల సైజు పెంచుకుని ఉంటే?”

సరళ పేజీలో ఉన్నదంతా చెరిపేసింది. గడులు, రంగులు, బొమ్మలు, మూడు వారాల పని మొత్తం. ఖాళీ తెల్లపేజీ మీద, ఎంత చిన్న తెరలోనైనా విరిగి కింది వరుసలోకి దిగే మామూలు రాతలో, పెద్ద నల్ల అక్షరాలతో నాలుగే వాక్యాలు టైపు చేసింది. ఈరోజు మధ్యాహ్నం నదిలోకి నీళ్లు వస్తాయి. ఎక్కువ నీళ్లు. ఎవరూ నది దాటవద్దు. అవతల ఉన్నవాళ్లు అక్కడే ఉండాలి.

రెండు బ్రౌజర్లలోనూ తెరిచింది. బ్రౌజరు కిటికీని సగానికి, పావుకు కుదించి చూసింది. నాలుగు వాక్యాలూ ఎక్కడికీ పోలేదు. పదకొండు నలభైకి ఎక్కించింది.

ఆ పేజీ అరగంటకోసారి దానంతటదే మారేలా పెట్టి ఉంది. పన్నెండూ పదికల్లా కొత్త రాత రత్నాలు ముందున్న తెర మీదికి వస్తుంది. కరెంటు ఉంటే. రత్నాలు తెర ముందు ఉంటే. చదివిందో లేదో తెలుసుకునే మార్గం లేదు. ఆమెకు తిరిగి మెయిల్ రాయడం రాదు.

సరళ డ్యామ్ ఆఫీసు వైపు పరుగెత్తింది.

ఇంజనీరు వీరభద్రరావు గేటు దగ్గరికి బయల్దేరుతున్నారు. ఆమె రొప్పుతూ చెప్పింది ఆయన మధ్యలో ఆపకుండా విన్నారు.

“పొద్దున్న కాగితం ఇచ్చాను కదమ్మా?”

“ఇచ్చారు సార్. తప్పు మీది కాదు. నేను రాసిన పేజీలో అది కనపడనేదు. నా తప్పే.”

ఆయన నీళ్ల వైపు చూశారు. “పైనుంచి నీళ్లు వస్తూనే ఉన్నాయి. పూర్తిగా ఆపడం నా చేతుల్లో లేదు. అరగంట. పన్నెండున్నరకి తీస్తాను. అంతకు మించితే గేటుకే ప్రమాదం. సైరన్ కొట్టిస్తాను గానీ గుమ్మలపాడుకి వినపడదు. నా జీపు తీసుకెళ్లు. రవిబాబూ!”

డ్రైవరు రవిబాబు అప్పటికే తాళం తిప్పుతున్నాడు. ఘాట్ రోడ్డు చుట్టు తిరిగి గుమ్మలపాడుకి ముప్పై ఆరు కిలోమీటర్లు, గంటన్నర ప్రయాణం. పన్నెండుకు ఐదు నిమిషాలుండగా బయల్దేరారు. ఒంటిగంటన్నరకు చేరొచ్చు. నీళ్లు రెండున్నరకు చేరతాయి. సరళ ఆ లెక్క నాలుగుసార్లు వేసుకుంది.

పదహారో కిలోమీటరు దగ్గర, మలుపులో, వెదురు లోడుతో లారీ ఒకటి అడ్డంగా దిగబడి ఉంది. అటు కొండ, ఇటు లోయ. లారీవాళ్లు చక్రాల కింద రాళ్లు వేస్తున్నారు. రవిబాబు దిగి, “బేగి తియ్యండయ్యా, మనుషుల ప్రాణాలు!” అని అరిచాడు. సరళ కూడా దిగి రాళ్లు మోసింది. అరచేయి చీరుకుపోయిన సంగతి కూడా తెలియలేదు. లారీ కదిలి జీపుకి దారి దొరికేసరికి నలభై ఐదు నిమిషాలు పోయాయి.

“అందుకుంటామా అన్నా?”

రవిబాబు గేరు మార్చాడు.

రెండూ పదిహేనుకి నది కనిపించింది. ఎండకు మెరుస్తున్న రాళ్లు, మధ్య మధ్య మడుగులు, పారే నీటి జాడ ఎక్కడా లేదు. అవతలి గట్టు మీద ముప్పై నలభై మంది ఆడవాళ్లు, పిల్లలు, గంపలు పక్కన పెట్టుకుని నిలబడి ఉన్నారు. వాళ్ల ముందు చేతులు చాచి అడ్డంగా నిలబడింది రత్నాలు. తనే నది దాటి అటు వెళ్లి అందర్నీ ఆపింది.

సరళ జీపులోంచి దూకింది. రత్నాలు చదివింది. పేజీ కనిపించింది.

అప్పుడే అవతలి నుంచి రత్నాలు గొంతు చించుకుంటూ నది మధ్యకు చెయ్యి చూపించింది. మాటలు అందలేదు. సరళ కళ్లు చిట్లించి చూసింది. నడి నదిలో, రెండు బండల మధ్య మడుగులో, ఒక ముసలాయన నడుం వంచి చేపలబుట్ట సవరిస్తున్నాడు.

“మంగ్లు తాత,” అన్నారు ఇవతలి గట్టున ఉన్నవాళ్లు. “సెవుడు. ఎంత అరిసినా ఇనపడదు.”

రవిబాబు హారన్ మోగించాడు. ముసలాయన తల ఎత్తలేదు. సరళ చెప్పులు విడిచి రాళ్లలోకి దిగింది.

“అమ్మా, దిగొద్దు! టైమైపోయింది!” రవిబాబు కేక వేశాడు.

ఆమె పరుగెత్తింది. కాళ్ల కింద రాళ్లు కాలుతున్నాయి, పాచి రాళ్లు జారుతున్నాయి. భుజం పట్టి కుదిపితే గానీ మంగ్లు ఆమెను చూడలేదు.

“నీళ్లొస్తన్నాయి తాతా! నడు, బేగి నడు!”

“ఏటి?”

“నీళ్లు!” చేత్తో పై వైపు చూపించింది.

“బుట్టలో సేపలున్నాయి,” అన్నాడు మంగ్లు. తాడు విప్పడానికి వంగాడు. ఆమె చెయ్యి పట్టి లాగింది. అతను విదిలించుకున్నాడు. అంతలో పక్క పాయలో ఎండుటాకులు కదలడం మొదలైంది. చప్పుడు లేదు. ఆకుల వెనకే తెల్లటి నురగ, నురగ వెనక మట్టిరంగు నీళ్లు. అప్పుడు వినిపించింది చప్పుడు, దూరంగా లారీలు బారుగా వస్తున్నట్టు. మంగ్లు కూడా పాదాల కింద అదురు తెలిసినట్టు తల ఎత్తాడు. ఇవతలి గట్టు ఎనభై అడుగుల దూరం. మధ్యలో రాళ్లు ఒక్కొక్కటే మునిగిపోతున్నాయి.

“బండ!” అన్నాడు మంగ్లు. ఈసారి అతనే ఆమె చెయ్యి పట్టుకుని లాగాడు. రెండు నిలువుల ఎత్తున్న పెద్ద బండ మీదికి, వేళ్లు దూరే పగుళ్లు చూపిస్తూ ముందు ఆమెను ఎక్కించి, వెనక తను ఎక్కాడు. వాళ్ల కాళ్ల కిందనుంచి నీళ్లు బండను ఒరుసుకుంటూ పోయాయి. చేపలబుట్ట ఒక్కసారి పైకి తేలి, గిర్రున తిరిగి, కనపడకుండా పోయింది.

నీళ్లు మొల లోతు, నిలువు లోతు, ఇంకా పైకి పెరిగాయి. బండ అంచుకు చెయ్యెడు దూరంలో ఆగాయి. అక్కణ్నించి పెరుగుతాయో లేదో ఎవరికీ తెలియదు. రెండు గట్ల మీద జనం చూస్తున్నారు. సరళ బండ మీద ఒక గీతను గుర్తుపెట్టుకుని దాన్నే చూస్తూ కూర్చుంది. గీత తడిసింది. ఆరింది. మళ్లీ తడిసింది.

చాలాసేపటికి మంగ్లు ఆమె చెవి దగ్గర అడిగాడు. “నీకెలా తెలిసింది గుంటా, నీళ్లొస్తాయని?”

సరళ అతని చెవికి నోరు ఆనించి గట్టిగా, చేతులతో సైగలు చేస్తూ చెప్పింది. కంప్యూటరు, పేజీ, తను రాసింది తెగిపోవడం, పన్నెండు రోజులు ఎవరికీ కనపడకపోవడం. చెబుతూ ఏడ్చేసింది. “నా వల్లే తాతా. నేను సరిగ్గా రాసుంటే నువ్విక్కడ ఉండేవోడివి కాదు.”

మంగ్లు తల అడ్డంగా ఊపాడు.

“నాకు సదువు రాదు కదా,” అన్నాడు. “నువ్వెంత బాగా రాసినా నేను సూడను. రత్నాలు బోర్డు కూడా సూడను.” నీళ్ల వైపు చూశాడు. “నువ్వొచ్చి పట్టుకుంటే తెలిసింది.”

ఆ మాటకు ఆమెకు ఊరట కలగలేదు. అతను నిజం చెప్పాడని మాత్రం తెలిసింది.

ఐదు దాటాక నీళ్లు తగ్గుముఖం పట్టాయి. నడుం లోతుకు దిగాక రవిబాబు, ఊరివాళ్లు తాడు వేసి ఇద్దర్నీ గట్టుకు చేర్చారు. అవతలి గట్టు నుంచి ఆడవాళ్లు కూడా దాటి వచ్చారు. రత్నాలు వచ్చి సరళ చీరుకుపోయిన అరచేతికి గుడ్డ కట్టింది.

“అక్కా, ఇన్నాళ్లూ టైము కనపడకపోతే నాకెందుకు సెప్పనేదు?”

“రాయలేదంటే నీళ్లు లేవనుకున్నా తల్లీ. ఖాళీగా ఉంటే అడిగేదాన్ని. ఖాళీయే లేదు కదా, పేజీ ముచ్చటగా ఉంది.” రత్నాలు ముడి బిగించింది. “ఇయ్యాల తెల్లగా అయిపోయేసరికి కంప్యూటరు చెడిపోయిందని ఆపెయ్యబోయా. మీట మీద చెయ్యి కూడా పెట్టా. ఎందుకో అక్షరాలు కూడబలుక్కున్నా.”

ఆ రాత్రంతా ఆ మీట గురించే ఆలోచించానని సరళ తర్వాత అనిల్‌తో చెప్పింది.

వారం తర్వాత సంస్థ నడిపే లక్ష్మి మేడం కాకినాడ నుంచి వచ్చారు. మన పేజీ నలభై మందిని కాపాడిందని సాయం చేసేవాళ్లకు ఉత్తరం రాద్దామన్నారు. సరళ ఒప్పుకోలేదు.

“కాపాడింది రత్నాలక్క మేడం. మన పేజీ పన్నెండు రోజులు వాళ్లని ముంచడానికి సూసింది. అది కూడా రాయండి. నేకపోతే ఏదీ వద్దు.”

“నీ ఉద్యోగం గురించి ఆలోచించావా?”

“ఆలోచించాను మేడం.”

లక్ష్మి మేడం ఉత్తరం రాయలేదు. ఉద్యోగం పోలేదు గానీ, రెండు నెలలపాటు ఆమెతో ముభావంగానే ఉన్నారు. సరళ ఆ రెండు నెలల్లో బస్సు ఎక్కి, నడిచి, ఆరు కేంద్రాలూ తిరిగింది. ఒక్కో తెర ముందు కూర్చుని, అక్కడి మనిషి చేతే తన పేజీ తెరిపించి, ఏం కనిపిస్తోందో పైకి చదవమంది. ఒకచోట రంగులు రాలేదు. ఒకచోట కళ్లు ఆనక అక్షరాలు రెట్టింపు చేసుకున్నారు, వరుసలు విడిపోయాయి. చింతూరు కేంద్రంలో తెర ఒక మూల పచ్చగా కాలిపోయి, అక్కడ ఏం రాసినా కనపడదు. అన్నీ నోటుపుస్తకంలో రాసుకుంది. కొత్త పేజీలో నీళ్ల వేళను అన్నిటికంటే పైన, ఎడమ పక్కన పెట్టింది. నీళ్లు వదలని రోజున కూడా ‘ఈరోజు వదలరు’ అని రాయడం మొదలుపెట్టింది. ప్రతి కేంద్రానికీ ఒక చేతి మైకు కావాలని పట్టుబట్టి తెప్పించింది. గుమ్మలపాడులో మాత్రం మంగ్లు తాత దగ్గరికి మనిషే వెళ్లి భుజం తట్టాలని రత్నాలుతో మాట తీసుకుంది.

మంగ్లు కొత్త బుట్ట అల్లుకున్నాడు. మరో మూడేళ్లు అదే మడుగులో చేపలు పట్టి, జ్వరంతో పోయాడు.

2009లో సెలయేరు సంఘం మూతపడింది. సరళ పాడేరు వెళ్లి, అక్కడి స్కూళ్లకూ కాఫీ రైతుల సంఘాలకూ పేజీలు చేసిపెట్టే పనిలో చేరింది. పని చేతికిచ్చే ముందు ఊళ్లోని నాలుగు ఇంటర్నెట్ సెంటర్లకూ స్వయంగా వెళ్లి, పనికిరాదని పక్కన పెట్టిన కంప్యూటరులో కూడా తెరిచి చూసేది. ఇంత ఆలస్యమెందుకని యజమాని విసుక్కునేవాడు. ఆమె సంచి భుజాన వేసుకుని బయల్దేరేది.